తడిసిన సైలెన్సర్

సైలెన్సర్ అనగానే మనకు సినిమానే గుర్తొస్తుంది. విలన్ కోటు జేబులోంచి నల్లటి గొట్టం తీస్తాడు. పిస్తోలు మూతికి తాపీగా బిగిస్తాడు. ‘టప్’మని చిన్న శబ్దం. పక్క గదిలో వాళ్లకి కూడా వినపడదు!

నిజం అలా ఉండదు. రైఫిల్‌కి ఎంత మంచి సైలెన్సర్ బిగించినా శబ్దం వస్తుంది. కొండ అవతలికీ వినపడుతుంది. అందుకే బ్రిటన్‌లో దాన్ని సైలెన్సర్ అనడానికి వేటగాళ్లు ఇష్టపడరు. ‘మోడరేటర్’ అంటారు. అంటే నోరు మూయించేది కాదు, గొంతు తగ్గించేది.

సైలెన్సర్ అంటే మనకు తెలిసిన వస్తువు ఇంకొకటుంది. ఇంటి ముందు నిలబెట్టిన బైకుకి పక్కన ఉండే గొట్టం. ఈ రెండిటికీ ఒకే పేరు ఊరికే రాలేదు. తుపాకి సైలెన్సర్‌కి 1909లో పేటెంట్ తీసుకున్న అమెరికన్ ఇంజినీరు హైరమ్ పెర్సీ మాక్సిమ్. ఇంజిన్ల చప్పుడు తగ్గించే సైలెన్సర్లనూ ఆయన కంపెనీ తయారుచేసింది. సూత్రం ఒకటే. ఒత్తిడితో దూసుకొచ్చే వేడి వాయువుని ఒక్కసారిగా బయటికి వదలకుండా, గదులు గదులుగా తిప్పి, నెమ్మదింపజేసి, చల్లబరిచి పంపడం. విచిత్రం ఏమిటంటే, ఈయన తండ్రి సర్ హైరమ్ మాక్సిమ్. మాక్సిమ్ మెషిన్ గన్ కనిపెట్టింది ఆయనే. ఆ చప్పుళ్ల మధ్య బతికి చివరికి ఆయనకు చెవుడు వచ్చింది. తండ్రి చప్పుడు చేశాడు, కొడుకు దాన్ని తగ్గించాడు!

బైకుకీ తుపాకికీ పోలిక ఇంకొకటుంది. రెండు సైలెన్సర్లకీ శత్రువు ఒకటే... తుప్పు. ఆ తుప్పు సంగతి అందరికంటే బాగా తెలిసినవాళ్లు స్కాట్లాండ్ కొండల్లో ఉన్నారు.

వానలోనే వాళ్ల ఉద్యోగం

స్కాట్లాండ్ ఉత్తరాన హైలాండ్స్ అనే కొండప్రాంతం ఉంది. అక్కడి రెడ్ డీర్ అనే పెద్ద జాతి దుప్పి ప్రపంచ ప్రసిద్ధం. ల్యాండ్‌సీర్ 1851లో వేసిన ‘మోనార్క్ ఆఫ్ ది గ్లెన్’ చిత్రంలో కొమ్ములు ఎత్తి నిలబడిన మగదుప్పి అదే. బిస్కెట్ డబ్బాల మీద, విస్కీ సీసాల మీద కూడా దాని బొమ్మ కనిపిస్తుంటుంది.

ఆ బొమ్మలో కనపడని సంగతి ఒకటుంది. ఆ కొండల్లో దుప్పుల్ని తినే తోడేళ్లు కొన్ని వందల ఏళ్ల కిందటే అంతరించాయి. అడ్డులేక పెరిగిన దుప్పులు పైన్, బర్చ్, రోవన్ మొక్కల్ని మొలకల దశలోనే కొరికేస్తాయి. అడవి మళ్లీ లేవదు. చలికాలం ముదిరితే మేత చాలక దుప్పులే ఆకలితో చస్తాయి. అందుకే ఏటా కొన్నిటిని చట్టప్రకారం కాల్చి సంఖ్యను అదుపులో పెడతారు. ఆ మాంసం తిండికి వెళ్తుంది. ఈ పని చేసేవాళ్లని ‘స్టాకర్లు’ అంటారు. ఎస్టేట్లలో, ప్రభుత్వ అడవుల్లో వాళ్లకిది జీతం తీసుకునే ఉద్యోగం.

మన దేశంలో ఈ మాటే రాకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఇక్కడ వేట నేరమైంది. శబ్దం తగ్గించే పరికరాలు మన ఆయుధ నిబంధనల్లో నిషిద్ధ వస్తువుల జాబితాలో ఉన్నాయి. కానీ దేశానికో లెక్క. ఫిన్లాండ్, నార్వే, న్యూజీలాండ్‌లలో వేటగాళ్ల రైఫిళ్లకి మోడరేటర్ మామూలు విషయం. దాన్ని పుట్టించిన అమెరికాలోనేమో 1934లో 200 డాలర్ల పన్ను వేశారు. ఆ రోజుల్లో అది తుపాకి ధరని మించిన మొత్తం. 2025లో వచ్చిన చట్టంతో 2026 జనవరి 1 నుంచి ఆ పన్నుని సున్నా చేశారు.

మగదుప్పుల వేటకి శరదృతువులో అతిథులు డబ్బు కట్టి వస్తారు. ఫొటోలు దిగుతారు. అసలు భారం ఆ తర్వాత మొదలవుతుంది. ఆడదుప్పుల కోత అక్టోబర్ 21 నుంచి ఫిబ్రవరి 15 దాకా. అంటే ఏడాదిలో అతి చెడ్డ నాలుగు నెలలు. డిసెంబర్‌లో అక్కడ తొమ్మిదింటికి తెల్లవారితే మధ్యాహ్నం మూడున్నరకే పొద్దు గుంకుతుంది. పశ్చిమ హైలాండ్స్‌లో కొన్నిచోట్ల ఏడాదికి 3000 మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది. అది కూడా మన జడివానలా వచ్చి పోయేది కాదు. పక్కనుంచి కొట్టే సన్నటి జల్లు, మంచు కలిసిన గాలి, రోజంతా విడవని పొగమంచు. అప్పుడు అతిథులు రారు. ఫొటోలు ఉండవు. స్టాకర్ ఒక్కడే వెళ్తాడు. వెళ్లకపోతే ఆ ఏటి లెక్క పూర్తికాదు.

ఎడమ చెవి కథ

అలాంటి స్టాకర్‌ని ఒకణ్ని ఊహించుకుందాం. పేరు అక్కర్లేదు, ఇంచుమించు లోయకొకడు ఉంటాడు. వయసు అరవై దగ్గరికి వచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా అదే కొండ. భోజనాల బల్ల దగ్గర భార్య ఎప్పుడూ అతని కుడివైపే కూర్చుంటుంది. ఎడమవైపు కూర్చుని మాట్లాడితే సగం మాటలు అందవు. మనవరాలు ఎడమ చెవిలో రహస్యం చెబితే నవ్వి తలాడిస్తాడు. ఏం చెప్పిందో తెలియదు.

ఎడమ చెవే ఎందుకు? కుడిచేతి వాటం ఉన్నవాడు రైఫిల్‌ని కుడి భుజానికి ఆనించి తల వంచుతాడు. కుడి చెవి తల చాటుకి వెళ్తుంది. ఎడమ చెవి తుపాకి మూతివైపు తిరుగుతుంది. దెబ్బ దానికే ఎక్కువ. పాతకాలపు వేటగాళ్లలో, సైనికుల్లో ఇది డాక్టర్లకు బాగా తెలిసిన లక్షణం.

మోడరేటర్ లేని వేట రైఫిల్ పేలితే శబ్దం 160 డెసిబెల్స్ దాకా వెళ్తుంది. ఉద్యోగుల చెవుల రక్షణ కోసం బ్రిటన్ 2005లో చేసిన నిబంధనల్లో ఒక్క క్షణం శబ్దానికైనా దాటరాని గీత 140. మంచి మోడరేటర్ 20 నుంచి 30 డెసిబెల్స్ తగ్గిస్తుంది. అంకె చిన్నదే అనిపిస్తుంది. కానీ 20 డెసిబెల్స్ తగ్గిందంటే శబ్దశక్తి నూరోవంతుకి పడిపోయినట్టు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ మొలవవు. కాబట్టి ఇక్కడ లాభం కంటే నష్టం ఆపడమే లాభం.

చెవులకి కప్పులు పెట్టుకోవచ్చుగా అంటారా? తుపాకీ రేంజిలో పెట్టుకుంటారు. కొండమీద కుదరదు. గాలి ఎటు తిరిగిందో, రాళ్లమీద గిట్టల చప్పుడు ఎటునుంచి వచ్చిందో వినాలి. పైగా తలమీద తడిసిన టోపీ, దానిమీద కోటు ముసుగు. అందుకే చెవికి వేయలేని కప్పుని తుపాకి మూతికి వేశారు.

మన స్టాకర్ కుర్రతనంలో వాళ్ల ఎస్టేట్‌లో ఎవరూ మోడరేటర్ వాడలేదు. తర్వాత వచ్చింది. అప్పటికే ఎడమ చెవి పోయింది. ఇప్పుడు అతని దగ్గర పని నేర్చుకునే కుర్రాడికి ఇరవై రెండేళ్లు. ఆ కుర్రాడి రెండు చెవులూ చక్కగా పనిచేస్తున్నాయి. మోడరేటర్ సంగతిలో ముసలాయన పట్టుదలకి కారణం అదే.

తల్లి, పిల్ల

చెవి ఒక కారణం. రెండోది దుప్పి.

చలికాలంలో ఆడదుప్పి వెంట తరచూ ఆ ఏటి పిల్ల ఉంటుంది. తల్లిని కాల్చి పిల్లని వదిలేస్తే ఆ పిల్ల చలికాలం దాటడం కష్టం. నెమ్మదిగా చస్తుంది. అందుకే తీయాల్సి వస్తే రెండిటినీ తీయాలన్నది అక్కడ పనివాళ్ల నీతి. ఇది చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉండే విషయం. చేయడానికి ఇంకా ఇబ్బంది. కానీ సగం చేసి వదిలేయడం అంతకంటే పాపం.

మామూలు రైఫిల్ పేలగానే మంద మొత్తం చెదిరిపోతుంది. మోడరేటర్ ఉంటే వేరు. బుల్లెట్ ధ్వని వేగాన్ని మించి వెళ్తుంది కాబట్టి గాలిని చీల్చిన ‘ఫట్’ మాత్రం ఎలాగూ వినపడుతుంది. కానీ తుపాకి మూతి దగ్గరి ‘ధాం’ మెత్తబడటంతో అది ఎక్కణ్నుంచి వచ్చిందో దుప్పులకి అంతుపట్టదు. తలలెత్తి అటూ ఇటూ చూస్తూ కొన్ని క్షణాలు నిలబడిపోతాయి. ఆ కొద్ది క్షణాల్లోనే రెండో పని పూర్తవుతుంది. పైగా మోడరేటర్ తుపాకి తన్నుని కూడా తగ్గిస్తుంది. మొదటి గుండు ఎక్కడ తగిలిందో స్టాకర్ దుర్భిణిలోంచి కళ్లారా చూడగలడు. గాయపడి పారిపోయిన దుప్పిని పొగమంచులో వెతుక్కునే దుస్థితి తగ్గుతుంది.

ఇదంతా ఆ గొట్టం సరిగ్గా ఉన్నప్పుడు. సరిగ్గా లేకపోతే? అక్కడే వాన కథలోకి వస్తుంది.

కొండెక్కేటప్పుడు

వాన రోజు ఇంట్లోంచి బయల్దేరే ముందే జాగ్రత్త మొదలవుతుంది. రైఫిల్ మూతి చివర మర కోసి ఉంటుంది. మోడరేటర్‌ని దానికి తిప్పి బిగించాలి. మర మీద ఇసుకరేణువు ఉన్నా, పాత మసి ఉన్నా గొట్టం తిన్నగా కూర్చోదు. కొద్దిగా వంకరగా కూర్చున్నా బుల్లెట్ వెళ్తూ వెళ్తూ లోపలి అడ్డబిళ్లని గీసుకుపోవచ్చు. అదే జరిగితే గురి తప్పడం చిన్న నష్టం. గొట్టమే పగలొచ్చు. అందుకే ముందు గుడ్డతో మర తుడుస్తాడు. చిటికెడు గ్రీజు రాస్తాడు. చేత్తో బిగుతుగా తిప్పుతాడు.

వాన నీళ్లు లోపలికి పోకుండా చాలామంది మోడరేటర్ చివరి కన్నం మీద పలుచని టేపు ముక్క అంటిస్తారు. కరెంటు పనివాళ్లు వాడే సాదా టేపే. పేల్చినప్పుడు బుల్లెట్‌కి ముందుగా తోసుకొచ్చే గాలే దాన్ని చించేస్తుంది. తయారీదారు పుస్తకంలో వద్దని ఉంటే మాత్రం ఆ పని చేయరు. గుడ్డ కుక్కడం, బిరడా పెట్టడం లాంటివి ఎవరూ, ఎప్పుడూ చేయకూడదు. మర్చిపోయి పేలిస్తే ప్రాణం మీదికొస్తుంది.

దారిలో రైఫిల్‌ని మూతి కిందికి ఉండేలా భుజానికి వేలాడదీస్తాడు. పైకి ఉంటే నీళ్లు పట్టే గరాటే అది! కానీ కిందికి ఉంటే ఇంకో చిక్కు. మోడరేటర్ వల్ల తుపాకి ఒక జానెడు పొడుగు పెరుగుతుంది. వాగు దాటేటప్పుడు, గట్టు దిగేటప్పుడు మూతి నేలకి తగులుతుంది. అక్కడ నేలంటే పీట్... వేల ఏళ్లుగా కుళ్లిన నాచుతో ఏర్పడిన నల్లటి మెత్తటి బురద. దుప్పుల్ని సమీపించాక చివరి రెండొందల గజాలు ఆ బురదలోనే, హెదర్ పొదల మధ్య, పొట్టమీద పాకాలి.

కుర్రాడు మొదటి ఏడాది నేర్చుకున్న పాఠం ఇదే. పాకుతూ వెళ్లి, దుప్పి కనపడగానే గురిపెట్టబోయాడు. ముసలాయన అతని భుజం మీద చెయ్యేసి ఆపాడు. తుపాకిలోంచి గుండు తీయించాడు. బోల్ట్ బయటికి లాగించి, గొట్టంలోకి వెనకనుంచి చూడమన్నాడు. అవతల గుండ్రటి వెలుగు కనపడాలి. కనపడలేదు. మోడరేటర్ మూతికి పీట్ ముద్ద మెత్తుకుపోయి ఉంది.

ఆ రోజు కాల్చలేదు. దుప్పులు వాటి దారిన అవి వెళ్లిపోయాయి. గొట్టంలో ఏది అడ్డున్నా, నీళ్లైనా మట్టైనా మంచైనా, తుపాకి పేల్చకూడదు. లోపలి ఒత్తిడి తలకిందులవుతుంది. వానలో వేటకి మొదటి నియమం ఇదే. మిగిలినవన్నీ దీని తర్వాతే.

అసలు నీళ్లు వాన నీళ్లు కావు!

ఇంతా చేసి చూస్తే, మోడరేటర్‌ని ఎక్కువగా పాడుచేసేది పైనుంచి పడే వాన కాదు. లోపల పుట్టే నీళ్లు.

మళ్లీ మన బైకు దగ్గరికి వద్దాం. చలికాలం పొద్దున్నే కారు స్టార్ట్ చేస్తే వెనక గొట్టంలోంచి నీటి చుక్కలు రాలడం చూసే ఉంటారు. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. చల్లటి ఇనుము తగలగానే అది నీరవుతుంది. దూరప్రయాణం చేస్తే గొట్టం వేడెక్కి ఆ నీళ్లు ఎగిరిపోతాయి. రోజూ కూరగాయల మార్కెట్ దాకా వెళ్లొచ్చే బండికి ఆ అవకాశం ఉండదు. నీళ్లు లోపలే నిలుస్తాయి. అందుకే ఎక్కువ తిరిగిన బండి కంటే తక్కువ తిరిగిన బండికే సైలెన్సర్ లోపలినుంచి ముందు తుప్పు పడుతుంది.

తుపాకి మందు మండినా అంతే. వచ్చే వాయువుల్లో నీటి ఆవిరి ఉంటుంది. రేంజిలో వరసగా ఇరవై గుళ్లు కాలిస్తే మోడరేటర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కి తనంతట తనే ఆరిపోతుంది. స్టాకర్ కాల్చేది రోజుకి ఒకటో రెండో. కొన్ని రోజుల్లో అదీ ఉండదు. సున్నా డిగ్రీల దగ్గర చల్లబడిన లోహంలోకి వేడి ఆవిరి వెళ్తుంది. అక్కడే నీరై కూర్చుంటుంది. దానికి మసి తోడవుతుంది. మసి నీటిని పట్టి ఉంచుతుంది. అడ్డబిళ్లల మధ్య గాలాడదు. మూసేసిన గదిలో తడిబట్టలు పెట్టినట్టే.

దేనితో చేశారన్నదాన్ని బట్టి ఏం జరుగుతుందో ఉంటుంది. ఉక్కుతో చేసిందైతే తుప్పు. స్టెయిన్‌లెస్ అయితే తక్కువ, కానీ అసలు లేకపోలేదు. అల్యూమినియం తేలిక, కొండెక్కేవాడికి హాయి. కానీ ఉక్కు మర మీద అల్యూమినియం తడిగా బిగిసి ఉంటే రెండు లోహాల మధ్య రసాయన చర్య మొదలై అల్యూమినియం తినేసుకుపోతుంది. చివరికి మర పట్టేసి ఊడిరాదు. టైటానియం వీటిలో గట్టిది, ఖరీదైనది. తుప్పు దాన్ని ఏమీ చేయదు. కానీ దాన్ని బిగించిన తుపాకి గొట్టం మాత్రం ఉక్కేగా! మోడరేటర్ బాగానే ఉంటుంది. దానిలో నిలిచిన తడి పక్కనున్న తుపాకి మూతిని తింటుంది.

తుపాకికి ఆ మూతి అంచే ప్రాణం. బుల్లెట్ ఆఖరున తాకి విడిచే చోటు అది. అక్కడ ఒక పక్క చిన్న గుంట పడినా వాయువు ఒకవైపు ముందుగా తోసుకొస్తుంది. బుల్లెట్ గీత తప్పుతుంది. వంద గజాల్లో ఆ తేడా వేళ్ల లెక్కలో ఉండొచ్చు. దుప్పి గుండెకీ పొట్టకీ మధ్య దూరం కూడా ఎన్నో వేళ్లు కాదు.

ఇంటికొచ్చాక పది నిమిషాలు

మధ్యాహ్నం నాలుగు. చీకటి పడిపోయింది. స్టాకర్ పొద్దుటినుంచి తడిసి ఉన్నాడు. దుప్పి పేగులు కొండమీదే తీసి, కళేబరాన్ని బండి దాకా ఈడ్చి, మాంసం గదిలో వేలాడదీసి, చేతులు కడుక్కుని వచ్చాడు. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. వంటింట్లో పొయ్యి వెలుగుతోంది. టీ కాగుతోంది. ఈ స్థితిలో ఎవరికైనా ఒకటే అనిపిస్తుంది. తుపాకిని అలాగే సంచిలో పెట్టి తాళం వేసేద్దాం, రేపు చూసుకుందాం.

ఆ ‘రేపు చూసుకుందాం’లోనే అంతా ఉంది.

కొండమీద ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా, మోడరేటర్ భవిష్యత్తు తేలేది ఈ పది నిమిషాల్లో. ముందు తుపాకి ఖాళీగా ఉందో లేదో ఇంకోసారి చూస్తాడు. మోడరేటర్‌ని విప్పేస్తాడు. ఇది మొదటి పని, తప్పని పని. బిగించి ఉంచి, మూతి పైకి నిలబెడితే లోపలి నల్లనీళ్లు రాత్రంతా గొట్టంలోకి జారతాయి. విప్పాక మర వైపు కిందికి పట్టి దులుపుతాడు. చారెడు కాకపోయినా నాలుగు చుక్కలు రాలతాయి. మీద గుడ్డ తొడుగు ఉంటే తీసేస్తాడు. వేడి అలలు దుర్భిణికి అడ్డురాకుండా, చేతికి కాలకుండా ఆ తొడుగు పనికొస్తుంది. కానీ తడిసిందంటే అది నీళ్లు పట్టిన స్పాంజీ.

తర్వాత వంటింట్లో పొయ్యికి కాస్త ఎడంగా పాత దినపత్రిక పరిచి, దానిమీద రెండు వైపులా గాలాడేట్టు మోడరేటర్‌ని ఆరబెడతాడు. నిప్పుమీద పెట్టకూడదు, ఓవెన్‌లో పెట్టకూడదు. గోరువెచ్చటి గాలి, ఓ రాత్రి సమయం... ఇవి చాలు. ఇల్లు వదిలి వెళ్లాల్సి వస్తే మాత్రం దాన్నీ తీసి బీరువాలో తాళం వేయాల్సిందే.

అప్పుడు రైఫిల్ సంగతి. చలిలోంచి వెచ్చటి ఇంట్లోకి తెచ్చిన ఇనుముకి చెమట పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టే. తుడిచిన ఐదు నిమిషాలకే మళ్లీ తడి. అందుకే ఒకసారి తుడిచి, టీ తాగి, మళ్లీ తుడుస్తాడు. గొట్టంలో పొడిగుడ్డ లాగి, తర్వాత నూనె అద్దిన గుడ్డ లాగుతాడు. మూతి అంచుకీ, మరకీ వేలితో నూనె రాస్తాడు. తడి సంచిలో మాత్రం తుపాకిని తిరిగి పెట్టడు. సంచి విడిగా తలుపు వెనక ఆరుతుంది. అన్నీ పొడిగా అయ్యాకే ఇనుప బీరువాలోకి.

మర్నాటికి మోడరేటర్ ఆరుతుంది. ఉక్కుదైతే లోపలికి కాస్త నూనె చిలకరిస్తాడు. ఇక్కడ కూడా కుర్రాళ్లు తప్పు చేస్తారు. జాగ్రత్త ఎక్కువై నూనె దిమ్మరిస్తారు. తర్వాతి మొదటి గుండుకి తెల్లటి పొగ లేస్తుంది, గురి కూడా మారొచ్చు. తలకి రాసుకున్నంత కాదు, దీపం వత్తికి అంటినంత చాలు.

వంటింటి త్రాసు

చాలా మోడరేటర్లు విప్పడానికి రావు. లోపల ఏం జరుగుతోందో కంటికి కనపడదు. మరి తెలిసేదెలా? దానికి వంటింటి త్రాసే పరిష్కారం. కొత్తగా కొన్నప్పుడే దాని బరువు రాసి పెట్టుకుంటాడు. ఏటా బాగా ఆరబెట్టి మళ్లీ తూస్తాడు. బరువు పెరిగిందంటే లోపల మసి పేరుకుంది, లేదా తడి పోలేదు. ఊపితే గలగల శబ్దం వచ్చినా, పొడి రాలినా, మర దగ్గర పొలుసులు లేచినా తుపాకులు బాగుచేసేవాడి దగ్గరికి వెళ్తుంది. ఆయన పనికిరాదంటే పనికిరాదు. ఎంత పెట్టి కొన్నా సరే. లోపల తిని పలచబడిన గొట్టం అంత ఒత్తిడికి తట్టుకోలేదు. చీలిపోయే ప్రమాదం ఉంది.

ఇంకొకటి. మోడరేటర్ బిగిస్తే బుల్లెట్ తగిలే చోటు మారుతుంది. తుపాకి కొసన కొత్త బరువు చేరింది కదా! కాబట్టి గురి సరిచూసుకోవడం మోడరేటర్‌తోనే చేయాలి. బాగా తడిసిన వారం తర్వాత, విప్పి బిగించిన తర్వాత, అట్టముక్క మీద ఓ రెండు మూడు గుళ్లు కాల్చి చూస్తారు. గుండు ఖర్చు దండగ అని కుర్రాడు ఓసారి గొణిగాడట. ‘నువ్వు ఆదా చేసిన గుండు ఖరీదు దుప్పి కట్టాలా?’ అన్నాడు ముసలాయన.

ఎవరూ చూడని పని

స్టాకర్ నైపుణ్యం అంటే మందకి కనపడకుండా పాకడం, గాలిని పసిగట్టడం, ఒక్క గుండుతో పని ముగించడం అనుకుంటాం. అవన్నీ నిజమే. వాటి గురించి చెప్పుకుంటారు, మెచ్చుకుంటారు. చీకటి పడ్డాక వంటింట్లో కూర్చుని నల్లనీళ్లు దులపడాన్ని ఎవరూ మెచ్చుకోరు. చేయకపోయినా ఆ రాత్రి ఏమీ కాదు. మర్నాడూ ఏమీ కాదు. నెలలు గడుస్తాయి. ఆ తర్వాత ఏ జనవరి సాయంత్రమో, నూటయాభై గజాల దూరంలో తలెత్తి నిలబడిన ఒక ఆడదుప్పికి అన్నీ కలిపి ఒకేసారి తగులుతాయి. గుండెకి తగలాల్సింది పొట్టకి తగులుతుంది. అది పరుగెత్తుతుంది. పొగమంచులో దొరకదు. దాని పిల్ల వెనకాలే వెళ్తుంది. అప్పుడు ‘నా గురి ఎప్పుడూ తప్పదే’ అని ఆశ్చర్యపోయి లాభం లేదు. గురి అతను తుపాకి ఎత్తినప్పుడు తప్పలేదు. నవంబర్‌లో ఓ రాత్రి టీ వైపు నడిచినప్పుడే తప్పింది.

అందుకే ముసలాయన కుర్రాడికి దీన్ని శుభ్రత కింద నేర్పడు. వేటలో భాగంగా నేర్పుతాడు. వేట గుండు పేలడంతో అయిపోదు. దుప్పిని కిందికి తెచ్చినప్పుడు కూడా అయిపోదు. మరునాటి దుప్పికి బాధ లేకుండా చూసే బాధ్యత తీరినప్పుడే ఆ రోజు వేట అయిపోయినట్టు.

కుర్రాడు ఇప్పుడు అడగకుండానే చేస్తున్నాడు. తడి బూట్లు విప్పకముందే మోడరేటర్ విప్పుతాడు. మర తుడుస్తాడు, కాగితం పరుస్తాడు. అతని రెండు చెవులకీ వంటింటి చప్పుళ్లన్నీ స్పష్టంగా వినపడుతుంటాయి. టీ మరిగే చప్పుడు, కిటికీ మీద వాన, కాగితం మీద టప్ టప్ మని రాలే నీటిచుక్కలు. ముసలాయనకి ఆ చివరిది వినపడదు. చుక్కలు రాలుతున్నాయో లేదో వంగి కళ్లతో చూసుకుని, తల పంకించి, అప్పుడు తన కప్పు అందుకుంటాడు.